పజిల్ గేమ్ కొంటున్నారా? ముందు లాక్ సంగతి తేల్చుకోండి

డబ్బులు కట్టారు. రాత్రి డేటా అయిపోయేదాకా కూర్చుని గేమ్ దింపుకున్నారు. పొద్దున్నే బాయికాడ మోటరు పెట్టి, మడి తడిసేలోపు రెండు పజిళ్లు విప్పుదామని ఫోన్ తీస్తే, "లైసెన్స్ సరిచూడలేకపోయాం, ఇంటర్నెట్ ఆన్ చేయండి" అని తెర మీద ఒక్క ముక్క. అక్కడ సిగ్నల్ లేదు. ఇందులో మీ తప్పేముంది? ఏమీ లేదు. దొంగ కాపీలను ఆపడానికి పెట్టిన లాక్ డబ్బు పెట్టి కొన్న మీకే అడ్డం పడింది.

పెన్‌పహాడ్‌లోనో చుట్టుపక్కల ఊళ్లలోనో ఉండి గేమ్ కొనేవాళ్లకు ఈ ఇబ్బంది హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల కంటే ఎక్కువ. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కంప్యూటర్ పాతది. మెయిల్ ఐడీ ఎవరో తీసిచ్చింది. నంబరు రెండుసార్లు మారింది. గేమ్ తయారుచేసినవాళ్లు ఇవేవీ లెక్కలోకి తీసుకోరు. అందుకే కొనే ముందు మనమే లెక్క చూసుకోవాలి. కష్టమైన పనేం కాదు, ఒక సాయంత్రం చాలు.

ముందు ఒక్క విషయం ఒప్పుకుందాం

ఆన్‌లైన్‌లో "కొనండి" అన్న బటన్ నొక్కితే చాలాసార్లు మీకు దక్కేది ఆ గేమ్ ఆడుకునే అనుమతి మాత్రమే. ఆర్టీసీ బస్‌పాస్‌లాంటిది అనుకోండి. మీ పేరు మీదే ఉంటుంది, తమ్ముడికి ఇవ్వడానికి లేదు, ఆ సర్వీసు నడిచినన్నాళ్లే పనికొస్తుంది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ 2024 అక్టోబరు నుంచి డబ్బు కట్టే పేజీలోనే ఈ మాట రాసి చూపిస్తోంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, కొన్నది లైసెన్సే అయితే ఆ మాట కొనేవాడికి విడమరిచి చెప్పాలని చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేకపోయినా షరతులు మాత్రం అవే.

అయితే ఆ అనుమతి ఎంత గట్టిదన్నది గేమ్‌ను బట్టి మారుతుంది. స్థూలంగా నాలుగు రకాలు.

కొన్నిటికి ఏ లాకూ ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైల్ దింపుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే, పదేళ్ల తర్వాత నెట్ లేని కంప్యూటర్‌లో కూడా ఎక్కించుకోవచ్చు. 2008లో మొదలైన గాగ్ అనే అంగడి అన్నీ ఇలాగే అమ్ముతుంది. చిన్న తయారీదారులు తమ గేములు పెట్టే ఇచ్.ఐఓలోనూ ఎక్కువ భాగం ఇలాంటివే.

రెండో రకం మీ ఖాతాకు ముడిపడి ఉంటుంది. స్టీమ్, గూగుల్ ప్లే, యాపిల్ యాప్ స్టోర్ ఈ కోవలోవి. ఖాతా చేతిలో ఉన్నంతకాలం పర్వాలేదు. మూడో రకానికి కీ కొట్టాలి, పైగా ఇన్ని కంప్యూటర్లలోనే అని లెక్క ఉంటుంది. 2008లో స్పోర్ అనే గేమ్ మూడు కంప్యూటర్లకే అనుమతిస్తే కొన్నవాళ్లు గోల పెట్టారు, దాన్ని అయిదుకు పెంచాల్సి వచ్చింది. నాలుగోది ఆడుతున్నంతసేపూ నెట్ అడిగేది. ఒంటరిగా కూర్చుని ఆడే పజిల్‌కు ఎప్పుడూ నెట్ ఎందుకు కావాలి? ఈ ప్రశ్నకు సరైన జవాబు లేని గేమ్ మన ఊళ్లకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

ఇవిగాక ఇంట్లో పాత సీడీలు ఉన్నవాళ్లకు ఒక మాట. సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ అనే పాత రక్షణలతో వచ్చిన సీడీ గేములు చాలావరకు విండోస్ 10 మొదలుకొని తెరుచుకోవు. ఆ రక్షణలు కంప్యూటర్ భద్రతకే ముప్పు అని మైక్రోసాఫ్ట్ 2015లో వాటిని ఆపేసింది. సీడీ పాడైందని అరిగిపోయేలా తుడవకండి. అదే గేమ్ లాక్ లేకుండా ఇప్పుడు ఎక్కడైనా అమ్ముతున్నారేమో వెతకండి.

కొనే ముందు

1. మెయిల్ ఐడీ నిజంగా మీదేనా?

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం. కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడే జీమెయిల్ తీసి, పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్ చేతిలో పెడతాడు. మన దగ్గర ఇది మామూలే. రెండేళ్లకు ఫోన్ పగిలి కొత్తది కొన్నాక సంభాషణ ఇలా సాగుతుంది.

"అన్నా, నా జీమెయిల్ పాస్‌వర్డ్ ఏంది?"

"రెండేండ్ల కింద తీసిన. నాకేం యాదికుంటది తమ్మీ? కొత్తది తీసిస్త తియ్."

కొత్త ఐడీ వస్తుంది, పాత ఐడీ మీద కొన్న గేములన్నీ పోతాయి. గేమే కాదు, ఫోటోలు, కాంటాక్టులు కూడా. అందుకని ఇవాళే ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తెరిచి, సెక్యూరిటీ భాగంలోకి వెళ్లండి. మీ చేత్తో పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ నంబరు దగ్గర ఇప్పుడు వాడుతున్న నంబరు ఉందా చూడండి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా పడేస్తే ఆగిపోవచ్చు, కొన్నాళ్లకు ఆ నంబరు వేరే ఎవరికో వెళ్తుంది. అప్పుడు మీ ఓటీపీ వాళ్లకు పోతుంది. పాస్‌వర్డ్‌ను నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. కాగితం మీద రాయొద్దని పట్నం నిపుణులు అంటారు గానీ, మీ బీరువాలో ఉన్న కాగితం కంటే షాపు కుర్రాడి జ్ఞాపకం భద్రమైనదా?

2. గేమ్ పేజీలో పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి.

స్టీమ్‌లో గేమ్ బొమ్మలు, వీడియోలు దాటి కిందికి వస్తే కుడివైపు ఒక పెట్టె కనిపిస్తుంది. బయటి కంపెనీ రక్షణ ఏదైనా ఉంటే అక్కడ రాసి ఉంటుంది. డెనువో అనే పేరు కనిపిస్తే దాని పక్కనే ఒక్క రోజులో ఎన్ని కంప్యూటర్లలో తెరవొచ్చో కూడా ఉంటుంది. వేరే కంపెనీ ఖాతా కూడా తెరవాలి అన్న వాక్యం ఉందంటే రెండు తలనొప్పులన్నమాట. ఏమీ లేకపోతే మంచిదే. ప్లే స్టోర్‌లో అయితే "యాప్‌లో కొనుగోళ్లు" అన్న మాట చూడండి. ముందు ఉచితం అని, ఇరవయ్యో లెవెల్ దగ్గర సూచనకింత, ప్రాణానికింత అని అడిగే గేముల కంటే, ఒక్కసారి ధర కట్టించుకుని వదిలేసే గేమ్ చివరికి చవక.

3. ముందు డెమో ఆడండి. ఒకప్పుడు పాప్‌క్యాప్, బిగ్ ఫిష్ లాంటి కంపెనీలు గంటసేపు ఉచితంగా ఆడనిచ్చి, నచ్చితేనే కట్టమనేవి. ఇప్పటికీ చాలా పజిల్ గేములకు డెమో ఉంటుంది. మీ పాత కంప్యూటర్ దాన్ని లాగుతుందా లేదా అన్నదీ అక్కడే తేలిపోతుంది.

4. డబ్బు ఏ దారిలో కట్టాలో చూసుకోండి. గూగుల్ ప్లేలో, స్టీమ్‌లో ధర రూపాయల్లో ఉంటుంది, యూపీఐతో కట్టేయొచ్చు. డాలర్లలో ధర చూపే చోట కార్డు కావాలి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మీరు ఆన్ చేస్తే తప్ప పనిచేయవు. బ్యాంకు యాప్‌లో తక్కువ పరిమితి పెట్టి ఆన్ చేయండి, కొనగానే ఆపేయండి. మారకపు రుసుము అదనంగా పడుతుందని గుర్తుంచుకోండి. తొందర లేకపోతే జూన్ చివరి దాకానో డిసెంబరు దాకానో ఆగండి. స్టీమ్‌లో పెద్ద తగ్గింపులు వచ్చేది అప్పుడే.

5. గెలిస్తే డబ్బులొస్తాయి, ముందు ఇంత వేయండి అనేదాన్ని పజిల్ అనకండి. అది పందెం. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పేకాట పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

కొన్న రోజే చేయాల్సిన పరీక్ష

చాలామంది గేమ్ కొని, తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అని వదిలేస్తారు. వరికోతలు అయ్యాక తెరుస్తారు. అప్పటికి డబ్బు వాపసు గడువు దాటిపోతుంది. గడువులు ఇవి: గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు వాపసు అడగాలి. స్టీమ్‌లో 14 రోజుల్లోపు, అదీ రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటేనే. గాగ్‌లో 30 రోజులు. స్టీమ్‌లో గేమ్ తెరిచి పెట్టి అన్నానికి వెళ్లినా ఆ సమయం ఆడినట్టే లెక్క, జాగ్రత్త.

కాబట్టి కొన్న రోజే ఇలా చేయండి.

గేమ్ పూర్తిగా దింపుకోండి. నెట్ ఉండగా ఒకసారి తెరిచి, మొదటి పజిల్ విప్పి, మూసేయండి. ఇప్పుడు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. కంప్యూటర్ అయితే వైఫై ఆపండి. స్టీమ్‌లో ముందుగా ఆఫ్‌లైన్ మోడ్ నొక్కాలి. తర్వాత ఫోన్‌నో కంప్యూటర్‌నో ఆపి, మళ్లీ ఆన్ చేసి, గేమ్ తెరవండి. తెరుచుకుంటే బాయికాడా తెరుచుకుంటుంది, కోదాడ నుంచి సూర్యాపేట వచ్చే బస్సులోనూ తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఆ గేమ్ మీకు కాదు. వాపసు అడగడానికి మొహమాటం ఎందుకు? ఆ హక్కు ఆ అంగడివాళ్లే రాసిచ్చారు. ఏ దారిలో కట్టారో ఆ దారిలో పంపడం కుదరకపోతే స్టీమ్ ఆ మొత్తాన్ని మీ వాలెట్‌లో వేస్తుంది, దాంతో ఇంకొకటి కొనుక్కోవచ్చు.

ఒక్కటి మాత్రం చేయకండి. కొన్ని పజిల్ గేములు రెండు గంటల్లోపే అయిపోతాయి. మొత్తం ఆడేసి, ఆనందించి, వాపసు అడిగితే, ఏళ్ల తరబడి కూర్చుని ఆ పజిళ్లు అల్లిన ఇద్దరు ముగ్గురి కూలి ఎగ్గొట్టినట్టే.

లాక్ లేని గేమ్ కొన్నట్టయితే ఇన్‌స్టాలర్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్‌డిస్క్‌లోకో ఎక్కించి, మీద గేమ్ పేరు, తేదీ రాయండి. ఇది తప్పేమో అని భయపడేవాళ్లున్నారు. న్యాయంగా కొన్న ప్రోగ్రాం పోకుండా, పాడవకుండా జాగ్రత్త కోసం నకలు తీసుకోవడాన్ని మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఆ నకలు మీకోసం ఉన్నంతవరకు నిశ్చింతగా ఉండండి. పది మందికి పంచితే అది వేరే లెక్క.

లాక్ మొరాయిస్తే

కీ కొట్టినా ఒప్పుకోవడం లేదు. ఏం చేస్తారు? వెంటనే విండోస్ కొట్టించేస్తారు చాలామంది. ఆగండి. కొన్ని రక్షణలు విండోస్ మళ్లీ వేస్తే దాన్ని కొత్త కంప్యూటర్ అనుకుంటాయి, మీకున్న లెక్కలో ఒకటి తగ్గిపోతుంది. ఈ వరుసలో చూడండి.

1. తేదీ, సమయం చూడండి. నవ్వకండి, పాత డెస్క్‌టాపుల్లో తరచూ కనిపించే జబ్బు ఇదే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పుంటే సర్వర్ మీ కంప్యూటర్‌ను నమ్మదు, మీ కంప్యూటర్ సర్వర్‌ను నమ్మదు. సీఆర్ 2032 అని అడిగితే ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా ఆ సెల్ ఇస్తారు. అది మార్చి, తేదీ సరిచేసి, మళ్లీ ప్రయత్నించండి.

2. వేరే నెట్‌తో చూడండి. ఒక కంపెనీ సిమ్ హాట్‌స్పాట్‌తో కానిది ఇంకో సిమ్‌తో అవుతుంది.

3. కీలో సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ మధ్య తికమక పడ్డారేమో చూడండి. మెయిల్ నుంచి కాపీ చేసి అతికించడం మేలు.

4. పాత కంప్యూటర్ అమ్మేస్తుంటే, అమ్మే ముందే గేమ్ లోపల లైసెన్స్ విడుదల చేసే ఏర్పాటు ఉందేమో చూసి విడుదల చేయండి. అమ్మేశాక గుర్తొస్తే ఆలస్యమైనట్టే.

5. ఇవన్నీ అయ్యాక తయారీదారుకు రాయండి. కోపంగా నాలుగు పేజీలు అక్కర్లేదు. ఆర్డర్ నంబరు, కొన్న తేదీ, ఏ మెయిల్ ఐడీతో కొన్నారు, తెర మీద కనిపించిన ఎర్రర్ ఫోటో, ఇప్పటికే ఏమేం ప్రయత్నించారు, ఈ అయిదూ ఒకే మెయిల్‌లో పెట్టండి. ఇంగ్లిష్ రాదని వెనకాడకండి. చిన్న చిన్న వాక్యాలు చాలు. పజిల్ గేములు చేసేవాళ్లలో చాలామంది ఒకరిద్దరుండే చిన్న జట్లు. జవాబు చాలాసార్లు తయారుచేసిన మనిషే రాస్తాడు. డబ్బు తీసుకుని గేమూ ఇవ్వక, జవాబూ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

క్రాక్ జోలికి ఎందుకు పోవద్దంటున్నాను

మొబైల్ షాపుల్లో మెమరీ కార్డు ఇస్తే పాటలు, సినిమాలు, గేములు అన్నీ కలిపి ఎక్కించి ఇచ్చే రోజులు మనమందరం చూశాం. ఆ అలవాటులోంచే "ఊరికే దొరికేదానికి డబ్బులెందుకు?" అన్న ప్రశ్న పుట్టింది. ఇప్పుడు అదే సరుకు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఏపీకే ఫైలుగా వస్తోంది.

ఆర్టీఓ చలానా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే నొక్కి ఖాతాలు ఖాళీ అయినవాళ్ల వార్తలు మీరు చదివే ఉంటారు. క్రాక్ చేసిన గేమ్ వేషంలోనూ అదే వస్తుంది. గుర్తుపట్టడానికి ఒక్క తేలికైన ప్రశ్న చాలు: ముక్కలు పేర్చే గేమ్‌కు నా ఎస్ఎంఎస్‌లు చదవాల్సిన పనేంటి? యాక్సెసిబిలిటీ అనుమతి ఎందుకు? అడిగిందంటే అది మీ ఓటీపీ కోసం వచ్చిందన్నమాట. ఇప్పటికే నొక్కేసి ఉంటే నెట్ ఆపి, బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడటం అదే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద నేరం. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అని 2012 సవరణలో వచ్చిన 65ఏ చెబుతోంది. రెండొందలకు యాభై గేములు అంటూ ఖాతాలు అమ్మేవాళ్లు, సగం ధరకే కీలు ఇస్తామనేవాళ్లు కూడా నమ్మదగినవాళ్లు కారు. దొంగిలించిన కార్డుతో కొన్న కీ అని తేలిన రోజు అది రద్దవుతుంది, మీ డబ్బు మాత్రం రాదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. వరల్డ్ ఆఫ్ గూ అనే చక్కని పజిల్ గేమ్‌ను 2008లో ఇద్దరు కుర్రాళ్లు ఏ లాకూ లేకుండా అమ్మారు. ఆడుతున్నవాళ్లలో పదింట ఎనిమిది మందికి పైగా కొనకుండానే ఆడుతున్నారని వాళ్ల అంచనాలో తేలింది. చెక్ దేశపు అమానిటా డిజైన్ వాళ్ల మెషినేరియంకీ అదే గతి. వాళ్లు 2010 ఆగస్టులో, దొంగ కాపీ ఆడినవాళ్లు ఇప్పుడైనా 5 డాలర్లిచ్చి సక్రమం చేసుకోండి, క్షమించేశాం అని ప్రకటించారు. 2014లో వచ్చిన మాన్యుమెంట్ వ్యాలీకి ఆండ్రాయిడ్‌లో జరిగిన ఇన్‌స్టాళ్లలో డబ్బు కట్టినవి 5 శాతమే అని దాని తయారీదారులు 2015లో చెప్పారు. ఒకే మనిషి రెండు ఫోన్లలో వేసుకున్నవి తీసేసినా అది చాలా తక్కువ. మరి లాక్ పెట్టినవాళ్లు బాగుపడ్డారా? లాక్ ఉన్న రికోషే ఇన్ఫినిటీ అనే గేమ్‌కు దొంగ కాపీలు 92 శాతం అని దాని తయారీదారులే చెప్పారు. లాక్ వల్ల దొంగ ఆగలేదు, కొన్నవాడు ఇబ్బంది పడ్డాడు. అందుకే నా సలహా: ఒకే గేమ్ రెండు చోట్ల దొరికితే, పది ఇరవై రూపాయలు ఎక్కువైనా లాక్ లేనిచోట కొనండి. మనల్ని నమ్మి అమ్మినవాళ్లకు మన డబ్బు చేరాలి.

ఇంట్లోవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు

అన్న కొన్న గేమ్ చెల్లి ఆడొచ్చా? స్టీమ్‌లో 2024 నుంచి ఒకే ఇంట్లోవాళ్లు ఆరుగురి దాకా కుటుంబంగా చేరి గేములు పంచుకోవచ్చు. ఒక కాపీని ఒకసారి ఒక్కరే ఆడగలరు. పాస్‌వర్డ్ చెప్పేయడం కంటే ఇది ఎంతో నయం. ఎందుకంటే పాస్‌వర్డ్ చెల్లి నుంచి స్నేహితురాలికి, అక్కడి నుంచి ఇంకెక్కడికో వెళ్తుంది. చివరికి ఖాతా మీద అనుమానం వచ్చి కంపెనీ ఆపేస్తే ఎవరికీ గేమ్ ఉండదు.

డాలస్‌లో ఉన్న బాబాయి పుట్టినరోజుకు గేమ్ పంపిస్తానన్నాడా? నేరుగా పంపితే చేరకపోవచ్చు. రెండు దేశాల ధరల్లో తేడా ఎక్కువగా ఉంటే స్టీమ్ ఆ బహుమతిని వెళ్లనివ్వదు. ఏ గేమ్ కావాలో ఆయనకు చెప్పి, ఆ రూపాయలు మీకు పంపించమనండి, మీ ఖాతాలో మీరే కొనుక్కోండి. మీరే ఎంఎస్ చదవడానికి వెళ్తున్నారా? ఇక్కడ కొన్నవి స్టీమ్ ఖాతాలో అలాగే ఉంటాయి, అక్కడి కార్డుతో కట్టేటప్పుడు దేశం మారుతుంది. గూగుల్ ప్లేలో దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి, ఇక్కడి బ్యాలెన్స్ ఖర్చు పెట్టేసి, అక్కడ స్థిరపడ్డాకే మార్చండి. బయల్దేరే ముందు ఖాతాల రికవరీ నంబరుగా ఇంట్లో వాడకంలో ఉండే నాన్న నంబరో అమ్మ నంబరో పెట్టండి. మీ ఇండియా సిమ్ మూడు నెలలు రీఛార్జి లేకుండా సూట్‌కేసులో పడి ఉంటే ఓటీపీ రాదు.